బెల్లం సేటు గిర్ని, సైరనక్క మెస్సు

ఆ రోజుల్లో పని దొరికితే చాలు, కళ్ళకద్దుకుని చేరిపోయేవాళ్ళమని మా మనవరాలికి చెబితే నమ్మదు. అది ఎక్కడైనా ఉద్యోగంలో చేరేముందు ఫోను తీసి, అక్కడ ఇదివరకు పనిచేసి మానేసినవాళ్ళు ఏమని రాశారో, ఎన్ని చుక్కలిచ్చారో చూసుకుంటుంది. చుక్కలు తక్కువైతే "అక్కడ వాతావరణం బాగుండదట అమ్మమ్మా" అని మూతి ముడుస్తుంది. మా గోదావరిఖనిలో వాతావరణమంటే ఎండ, వాన, బొగ్గుదుమ్ము, ఈ మూడే. పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఏ రంగు తేలుతుందో దాన్నిబట్టి గాలి ఎటు వీచిందో చెప్పేవాళ్ళం. అయినా నిజం చెప్పాలంటే, పనిచ్చేవాడు మంచివాడా కాదా అని చేరకముందే పసిగట్టడం నేనూ చేశాను. ఫోను లేదు గనుక మోచేతితో చేశాను.

నాకు పెళ్ళయి అప్పటికి ఏడాది నిండలేదు. మాది కమాన్‌పూర్ దగ్గర పల్లె. చదువు నాలుగో తరగతి. (ఐదోది మా ఊళ్ళో లేదు, ఉన్నా నేను చదివేదాన్ననే భరోసా లేదు.) మా ఇంటాయనకు బొగ్గుబాయిలో పని దొరికి, గని దగ్గరి గుడిసెల వరుసలో ఒక గుడిసె వేసుకున్నాడు. నన్ను తీసుకొచ్చి అక్కడ దించాడు. నాకు ఖని మొదటిరోజే నచ్చింది. వీధి కుళాయి, సినిమా డేరా, పది ఊళ్ళ మాటలు ఒకేచోట వినబడడం, అన్నిటికన్నా సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన మొగుడు పక్కన కూర్చుని చాయ్ తాగడం. (మా అత్త పల్లెలోనే ఉందన్న సంగతి ఈ సుఖాల్లో కలపలేదు. కలిపితే అదే మొదట రావాలి.) అయితే మా అత్త ఊరుకునే మనిషి కాదు. "పనిపాట లేని పిల్ల పట్నంల ఉంటె చెడిపోతది. నాట్లు పడేలోపల మర్యాదగల జాగల పని దొరికితే ఉండు. లేదంటే పెట్టె సర్దుకొని రా, నాకు పొలంల చేతులు తక్కువున్నయి" అని తెగేసి చెప్పింది. పెట్టె సర్దుకుంటే మళ్ళీ మొగుడి ముఖం పండుగలకే. అప్పటికే మృగశిర చినుకులు పడ్డాయి. నాట్లకు ఎంతో కాలం లేదు. పని దొరకాలి, అదీ మా అత్త మెచ్చే జాగాలో దొరకాలి.

మొదట దొరికింది బెల్లం సేటు గిర్ని. పిండి, కారం, పసుపు పట్టే గిర్ని అది. ముగ్గురు ఆడవాళ్ళు చెరగడం, జల్లించడం చేసేవాళ్ళు. సేటు మాట ఎంత తియ్యనంటే, జనం ఆయన అసలు పేరు మరిచిపోయారు. నేను జొన్నలు పట్టించుకోవడానికి పోయి, నెమ్మదిగా పని సంగతి కదిపాను. ఆయన తెల్లధోవతి సర్దుకుని, నన్ను కన్నబిడ్డను చూసినట్టు చూశాడు. "రేపే రా బిడ్డా. మా దగ్గర పనోళ్ళు అనే మాటనే లేదు. అందరం ఒక్క ఇంటోళ్ళమే" అన్నాడు. నేను ఆ మాటను పిండి సంచితో పాటు నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చాను. దారిపొడుగునా నవ్వుకుంటూ వచ్చానేమో, నవ్విన చోటల్లా పిండి అంటుకుందని మా ఇంటాయన అన్నాడు.

మా పక్క గుడిసెలో సప్పుడు కాక అని ఒక పెద్దాయన ఉండేవాడు. మా ఇంటాయనతో పాటు బాయిలో పనిచేసేవాడు. బాయి లోపల తలమీద రాతికప్పు ఉంటుంది కదా, అది గట్టిగా ఉందా, ఊడిపడేలా ఉందా అని పని మొదలయ్యే ముందు కట్టెతో కొట్టి, ఆ చప్పుడు విని చెప్పడంలో ఆయనకు పేరు. ఆ అలవాటు ఆయన్ను బయట కూడా వదలలేదు. కుండ కొన్నా, గుమ్మడికాయ కొన్నా, ఎవరింటికన్నా పోయి గోడకు చేరబడ్డా ముందు వేలితో టకటకమని కొట్టి తల పక్కకు వంచేవాడు. అందుకే ఆ పేరు. పని దొరికిందని నేను ఉబ్బిపోతూ చెబితే ఆయన బీడీ తీసి చెవి సందున పెట్టుకున్నాడు.

"సేటు ఏమన్నడు బిడ్డా?"

"అంతా ఒక్క ఇంటోళ్ళమే అన్నడు కాక."

"మంచిగనే అన్నడు. కొట్టి చూసినవా?"

"సేటునా?"

"సేటును కొడితే పోలీసోళ్ళొస్తరు. సేటు మంచితనాన్ని కొట్టి చూసినవా అంటున్న. బాయిల కప్పు గూడ మీద పడే దాంక మంచిగనే ఉంటది."

అప్పుడు ఆయన నాకు చెప్పిన పాఠం నాలుగో తరగతి దాకా ఎవరూ చెప్పలేదు. గట్టి కప్పును కొడితే ఖంగుమని మోగుతుందట, చెవి అదిరేలా. లోపల పొర విడిపోయిన కప్పు మాత్రం మెత్తగా, డొల్లగా, అన్నం తిన్న కడుపు మీద చరిచినట్టు పలుకుతుందట. మెత్తగా పలికిన చోట నిలబడకూడదు. అంతేకాదు, చెవిని నమ్ముకుంటే చాలదు. "ఒక చేత్తోని కొట్టి, రెండో చెయ్యి కప్పుకు ఆనిచ్చి పెట్టాలె. చెవిని మోసం జెయ్యొచ్చుగని చేతికి అదురు తెలుస్తది. ఇంకోటి, కొట్టేటప్పుడు నువ్వు మాత్రం దాని కింద గాక చెయ్యి అందేంత దూరంగ నిలబడాలె" అన్నాడు.

"మరి సేటు కాడ రెండో చెయ్యి యాడ ఆనియ్యాలె కాక?"

"ఆయన పనోళ్ళ మీద" అని బీడీ ముట్టించుకున్నాడు.

మర్నాడు గిర్నికి పోయాను. చేరడానికి కాదు, కొట్టి చూడడానికి. సేటు గద్దె పక్కన అప్పుడే పట్టిన పసుపు డబ్బా ఉంది. నేను కొంగు సర్దుకుంటున్నట్టుగా మోచేతిని ఇంత అటు పోనిచ్చాను. డబ్బా ఒరిగి సేటు తెల్లధోవతి మీద పసుపు కుమ్మరించింది. పెళ్ళికొడుకును చేసినట్టయింది. నా గుండె గిర్నికన్నా గట్టిగా కొట్టుకుంది. సేటు మాత్రం నవ్వాడు. ఎంత మెత్తగా నవ్వాడో. "పోనీ బిడ్డా, పసుపు శుభమేనాయె" అన్నాడు. చెవితో వింటే ఇంతకన్నా మంచి మనిషి భూప్రపంచంలో లేడు. అప్పుడు గుర్తొచ్చి రెండో చెయ్యి ఆనించాను, అంటే ఆ ముగ్గురు ఆడవాళ్ళ వైపు చూశాను. ఒకామె పరిగెత్తుకొచ్చి తన కొంగుతో నేల తుడుస్తోంది. ఇంకొకామె "తప్పు నాదే సేటు, డబ్బా ఆడ పెట్టింది నేనే" అంటోంది. (డబ్బా పెట్టింది సేటే, నేను కళ్ళారా చూశాను.) మూడో ఆమె అసలు తలెత్తలేదు, జల్లెడ ఆడిస్తూనే ఉంది, జల్లెడలో పిండి లేదు.

నేల తుడిచే ఆమె పక్కన నేనూ కూర్చుని, చెయ్యి కలుపుతున్నట్టు వంగి మెల్లగా అడిగాను.

"సేటు కోపం చెయ్యలేదు గదక్కా, మీరెందుకు గట్ల భయపడుతున్రు?"

"నువ్వు ఇంకా చేరలేదు గద చెల్లే, అందుకే నవ్విండు. నువ్వు పోయినంక మాకుంటది."

"అందరు ఇంటోళ్ళే అన్నడు?"

"అవు. ఇంటోళ్ళమే. పొద్దుగూకింది ఇంటికి పోత సేటూ అంటే, ఇది ఇల్లు గాదా అంటడు."

పని ఊసెత్తకుండా బయటపడ్డాను. దారిలో ఆలోచిస్తే అంతా అర్థమైంది. ఒక్క ఇంటివాళ్ళమని ఆయన అన్నది అబద్ధం కాదు. ఆ ఇంట్లో ఆయన మామ, పనిచేసే ప్రతివాళ్ళూ కోడళ్ళు. కోడలికి వేళాపాళా ఎక్కడిది. ఒక అత్తను తప్పించుకోవడానికే నేను ఇంత తిరుగుతుంటే, మీసాలున్న ఇంకో అత్త దగ్గర చేరడమా.

ఇంతలో మా ఊరి కూరగాయలామె చేత అత్త కబురు పంపింది. నారు ఎదిగిందట, వచ్చే బుధవారం బస్సుకు వస్తుందట, నన్ను వెంటబెట్టుకుపోతుందట. మా ఇంటాయన పెట్టె వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. ఇక మిగిలింది ఒక్కటే జాగా, గని గేటు ఎదురుగా ఉండే సైరనక్క మెస్సు. ఊళ్ళలో పెళ్ళాంపిల్లలను వదిలి వచ్చిన కార్మికులు అక్కడ తినేవాళ్ళు. సప్పుడు కాక కూడా రోజూ అక్కడే తినేవాడు, ఆయన పెళ్ళాం ఊళ్ళో ఉండడంవల్ల. అక్క నోరు పేరుకు తగ్గట్టే పెద్దది. ఒకసారి గని సైరన్ చెడిపోతే, ఆమె ఎవరినో తిడుతుంటే విని షిఫ్టు వదిలారనుకుని జనం సైకిళ్ళెక్కారని చెప్పుకునేవారు. (ఇది నేను చూడలేదు. చూసినవాళ్ళను చూశాను.) నేను కాకను అడిగాను, ఆ జాగా ఎట్లాంటిదని. ఆయన చెప్పలేదు.

"నేను చెప్తే నా చెవితోని ఇన్నట్టయితది. ఎవల కప్పు వాళ్ళే కొట్టుకోవాలె" అన్నాడు.

మధ్యాహ్నం దాటాక పోయాను. మొదటి షిఫ్టు వదిలే వేళ దగ్గర పడుతోంది. రేకుల పాక, లోపల పొగ, మూడు రాళ్ళ పొయ్యిల మీద గంగాళాలు. ఇద్దరు ఆడవాళ్ళు అన్నం వారుస్తున్నారు. సైరనక్క గడప దగ్గర విస్తరాకుల కట్ట విప్పుతూ, నీళ్ళు ఆలస్యంగా తెచ్చినవాణ్ణి, వాడు పోయాక వాడి బండిని, బండి పోయాక ఎద్దును తిడుతోంది. నన్ను ఎవరూ పట్టించుకోలేదు. పొయ్యి పక్కన రాళ్ళ మీద దించిన పప్పు గంగాళం ఉంది. దాని మీద మూత. నా ఉద్దేశం ఆ మూత ఒక్కటి కింద పడేయడం. ఒక మూత పడితే ఎంత చప్పుడవుతుంది, దానికి అక్క ఎంత అరుస్తుంది, ఆ ఇద్దరూ ఏం చేస్తారు, చూసుకుని వెళ్ళిపోదామని. మోచేతిని మెల్లగా పోనిచ్చాను. గంగాళం కింద రాయి ఒకటి పొట్టిదని నాకేం తెలుసు. మూత పడింది. దాని వెనకాలే గంగాళం ఒరిగింది. గోదావరికి వరదొచ్చినట్టు పప్పు నేల మీదుగా, పీటల కింది నుంచి, గడప దాటి, నిదానంగా అక్క కాళ్ళ దాకా పోయి ఆగింది. కాక చెప్పిన పాఠంలో ఆఖరి ముక్క అప్పుడు గుర్తొచ్చింది. కొట్టేవాళ్ళు దూరంగా నిలబడాలి.

సైరనక్క తన కాళ్ళను చూసుకుంది. తర్వాత నన్ను చూసింది. తర్వాత మోగింది.

"నీ చేతులు పడిపోను, అది చెయ్యా పారనా? కళ్ళు ఇంటికాడ గూట్ల పెట్టి వచ్చినవా? ఇంతమందికి పప్పుకు బదులు నిన్ను వండిపెట్టాల్నా?"

రేకులు అదిరాయి. పరిగెత్తుదామంటే గుమ్మంలో పప్పు, పప్పులో అక్క. బెల్లం సేటు ఎంత మంచివాడో అనిపించింది ఆ క్షణాన. కానీ చిత్రమేమిటంటే, అన్నం వార్చే ఇద్దరిలో ఒకామె చెయ్యి కూడా వణకలేదు. గంజి వారుస్తూనే అంది:

"అక్కా, తిట్టేటియి అటెన్క తిట్టుకో. షిఫ్టు వదిలే యాళ్ళయింది. ఏం చేద్దం చెప్పు."

"నా నోటికే అడ్డమొస్తున్నవా?"

"నీ నోటికి అడ్డం రానీకి గోదావరి కట్ట గూడ సరిపోదుగని, చింతపండు నానబెట్టాల్నా?"

రెండో ఆమె పకపకా నవ్వింది. అక్క ఆమెనూ తిట్టింది. తిడుతూనే చింతపండు బుట్ట లాగింది. పచ్చిపులుసు. పొయ్యి మీద పెట్టనక్కరలేదు, ఉడికేదాకా కాచుకోనక్కరలేదు. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, చింతపులుసు, ఉప్పు, నీళ్ళు, అంతే. "నిలబడ్డవేందే, పిసుకు జల్ది" అని అక్క నా ముందు తొట్టి పడేసింది. నేనెవరో, ఎందుకొచ్చానో ఎవరికీ తెలియదు, అడిగే తీరికా లేదు. నేను మోచేతుల దాకా చింతపండులో మునిగాను. (పాపం చేసిన మోచెయ్యి కూడా అందులోనే మునిగింది.) ఒకామె ఉల్లిగడ్డలు కోస్తూ ఏడుస్తూ నవ్వుతోంది, ఒకామె నేల కడుగుతోంది, అక్క మిరపకాయలు కాలుస్తూ మా ముగ్గురినీ వంతులవారీగా తిడుతోంది. వాళ్ళిద్దరూ మాటకు మాట అప్పజెబుతున్నారు. నాకు కూడా ఒకటి అప్పజెప్పాలనిపించింది గానీ, ఇంకా అంత చనువు రాలేదు.

సైరన్ మోగింది. అసలు సైరన్. నల్లటి ముఖాలతో కార్మికులు వచ్చి వరుసగా కూర్చున్నారు. పచ్చిపులుసు వడ్డించగానే ఒక పెద్దమీసాలాయన విస్తరి ముందు నుంచి లేచాడు.

"ఏందక్కా ఇది? గేటు కాడికి పప్పు వాసన వచ్చింది గద. పప్పేది?"

"పారింది."

"ఎవలు పారబోసిండ్రు? వాళ్ళను గిట్ల పిలువు. పొద్దంత బాయిల బొగ్గు కొట్టి వచ్చి పులుసు నీళ్ళు తాగాల్నా?"

నా చేతులు తొట్టిలోనే ఆగిపోయాయి. ఇప్పుడు అక్క వేలు నా వైపు తిరుగుతుంది, ఇంతమంది నల్లటి ముఖాల్లో తెల్లటి కళ్ళు నా వైపు తిరుగుతాయి, బుధవారం బస్సు దాకా కూడా అక్కరలేదు, ఇవ్వాళే పారిపోతాను అనుకున్నాను. అక్క గరిటె నడుముకు ఆనించింది.

"నా కాలు తగిలి పారింది. ఏం జేస్తవ్? నా కాలు నరుకుతవా? తింటె తిను, లేకుంటె లెవ్వు. రేపు రెండుసార్లు ఏసుకో పప్పు."

మీసాలాయన కూర్చున్నాడు. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ కిమ్మనలేదు, నా వైపు చూడను కూడా లేదు, రోజూ అక్క కాలే తగిలి పప్పు పారుతున్నట్టు వడ్డించుకుంటూ పోయారు. నేను తొట్టిలోకి తల వంచుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు ఉల్లిగడ్డలవే అని నన్ను నేను నమ్మించుకున్నాను.

అంతా బాగానే ముగిసేది, సప్పుడు కాక రాకపోతే. ఆయన ఆలస్యంగా వచ్చి, కడిగిన నేల చూశాడు, పచ్చిపులుసు చూశాడు, మోచేతుల దాకా చింతపండుతో ఉన్న నన్ను చూశాడు. చూసి, నిండు పంక్తిలో, వానలు ఎట్లా ఉన్నాయని అడిగినంత మామూలుగా అడిగాడు.

"కొట్టినవా బిడ్డా?"

అక్క తల తిరిగింది. "ఏంది కొట్టేది? కాక, ఈ పిల్ల నీకెరికేనా? అసలు ఎవలీమె?"

కాక దాచుకునే మనిషి కాదు. పీట మీద కూర్చుని కథంతా చెప్పాడు, నేను తనకు చెప్పిన పసుపు ధోవతితో సహా. పంక్తంతా నవ్వింది. మీసాలాయనకు పులుసు ముక్కులోకి పోయింది. అక్క మాత్రం నవ్వలేదు. నా ముందుకొచ్చి నిలబడింది.

"అంటే నా మెస్సు మంచిదో కాదో చూడనీకి నా పప్పు పారబోసినవ్?"

"మూత ఒక్కటే అనుకున్నక్కా. గంగాళం దానంతట అదే వచ్చింది."

"మరి ఏమని తేలింది?"

"నీ దగ్గరనే చేస్తనక్కా" అన్నాను, తల ఎత్తకుండా.

"నేను నిన్ను తీసుకుంటనని ఎవలు చెప్పిండ్రు?" అని అక్క మళ్ళీ మోగింది. అరగంట సేపు మోగి, చివరికి, పొద్దున్నే రమ్మనీ, గంగాళాలకు ఒక బారెడు దూరంలో నిలబడమనీ చెప్పింది. కాకకు ఆ రోజు రెండోసారి పులుసు వెయ్యలేదు.

బుధవారం మా అత్త బస్సు దిగింది. పని దొరికిందంటే నమ్మక, తిన్నగా మెస్సుకే వచ్చింది. గుమ్మంలో అడుగుపెట్టేసరికి అక్క నన్ను తిడుతోంది, బియ్యంలో రాళ్ళు సరిగ్గా ఏరలేదని. అయిపోయిందిరా దేవుడా అనుకున్నాను. మా అత్త ముఖం గంటు పెట్టుకుని, "మర్యాదగల జాగ అంటె ఇదేనా?" అంది. అక్క ఆమెను ఎగాదిగా చూసి, ఎవరని అడగకుండానే, ఎండన పడి వచ్చినదానివి ముందు తిను అని పీట వేసి విస్తరి పరిచింది. మా అత్త బింకంగా నాలుగు ముద్దలు తిని, మిగతా అన్నం పక్కకు నెట్టి లేవబోయింది.

"కూసో" అంది అక్క. "ఎవలు తింటరనుకుంటున్నవ్ అది? పండించినోళ్ళకు తెలుసు మెతుకు విలువ. పండించే చేతులే గద నీయి. సిగ్గు లేదా? తిను."

మా అత్తను ఆ మాట అన్న మనిషి నేను ఎరిగినంతలో భూమ్మీద లేరు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచి చూస్తే మా అత్త తలవంచుకుని తింటోంది. మెతుకు మిగల్చకుండా తింది. అక్క అడగకుండానే ఇంకో గరిటె పప్పు వేసింది, అదీ తింది.

బస్టాండు దాకా నేను వెనకాలే నడిచాను. పెట్టె సర్దుకోమంటుందని నేను కాచుకుని ఉన్నాను. రోడ్డు మలుపులో ఆగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"నా అత్త పోయినకాడికెల్లి నన్ను తిట్టి బువ్వ తినబెట్టినోళ్ళు లేరే" అంది. అంతలోనే కొంగు దోపుకుని, "నువ్వు ఈడనే ఉండు. నిన్ను తిట్టే పని ఆమె నాకన్న మంచిగ చేస్తది. నాట్లు నేనెట్లనో ఏసుకుంట" అని బస్సెక్కింది.

బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, తర్వాత మెస్సు వైపు నడిచాను. ఇప్పుడు తలచుకుంటే, అప్పటి నేనే అయిన ఆ పిల్ల నాకు వెనక నుంచే కనిపిస్తుంది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఖని పట్నమంతా తాను చూసి సరేనంటేనే నడుస్తున్నట్టు, బొగ్గు బాటలో ఎంత ఠీవిగా పోతుందో. ఎవరిని ఎవరు పరీక్షించారో, ఎవరు ఎవరిని భరించారో దానికి ఇంకా తెలియదు. పిలిచి చెబుదామనిపిస్తుంది ఒక్కోసారి. కానీ ఆ వయసులో అది ఎవరి మాటా వినే రకం కాదు. పోనీలే, పోనిస్తాను.